ఎవరు విప్పారు?

నోరిస్ అక్రాయిడ్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆ మనిషంటే నాకు గిట్టదు. ఇరవై ఆరేళ్ళుగా గిట్టదు. కుట్టుమిషను నూనె, ముక్కిపోయిన అట్టపెట్టెలు, పిప్పరమెంటు బిళ్ళలు కలిసిన వాసనొకటి వాడి చుట్టూ ఎప్పుడూ ఉంటుంది. ఎగ్జిబిషన్ హాల్లో అడుగు పెట్టగానే అది ముక్కుకి తగిలిందంటే ఆ రోజు నాకు టీ కూడా చేదే.

మా యార్క్‌షైర్‌లో మోడల్ రైళ్ళ పిచ్చి పట్టినవాడెవడైనా ఒక్కసారైనా వాడి విడిభాగాల బల్ల ముందు నిలబడి ఉంటాడు. నిలబడక చస్తాడా? ఇంట్లో ఉన్న ఇంజనేమో డెబ్బై ఏళ్ళ నాటిది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. గేరుకి నాలుగు పళ్ళు రాలినా, మోటారుకి కరెంటు అందించే బ్రష్ వెనక ఉండే స్ప్రింగు ఎగిరి తివాచీలో పడిపోయినా ఇక అది అలమారలో పెట్టుకు చూసుకోవలసిన బొమ్మే. ఆ గేరూ ఆ స్ప్రింగూ నోరిస్ దగ్గర ఉంటాయి. ఎందుకుండవు, వాడు బతికున్న ఇంజన్లని కొని చంపుతాడు కాబట్టి ఉంటాయి. వేలంలో నడిచే ఇంజనే కొంటాడు. ఇంటికి పట్టుకుపోయి చక్రాలు ఒక డబ్బాలో, మోటారు ఒక డబ్బాలో, రంగు కూడా చెదరని పైతొడుగు ఒక డబ్బాలో పడేస్తాడు. మా క్లబ్బులో వాణ్ణి కసాయి అనేవాళ్ళం. వాడికి వినపడేలాగే అనేవాళ్ళం. వాడు పట్టించుకునేవాడు కాదు, అది ఇంకా ఒళ్ళు మండించేది.

వాడు ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు డిపోలో డైనమోలు బాగుచేశాడు. డిపో మూసేసినప్పుడు అందరూ గోడగడియారాలు, బస్సుల నంబరు పలకలు తెచ్చుకుంటే వీడు మ్యాగ్నెట్లకి ఛార్జి పెట్టే మిషను తెచ్చుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఎనిడ్‌తో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటాడు. మెట్ల మీద, మంచాల కింద, ఆఖరికి స్నానాలతొట్టి పక్కన కూడా పొగాకు డబ్బాలే. ప్రతి డబ్బా మీదా పెన్సిలుతో రాసిన చీటీ. ఎగ్జిబిషన్లకి గోధుమరంగు కోటు వేసుకుని వస్తాడు, పాత కొట్లలో గుమాస్తాలు వేసుకునేవాళ్ళే, అలాంటిది. మధ్యాహ్నం కాగానే పంది మాంసం కూరిన 'పై' రొట్టె ఒకటి తీసి జేబుకత్తితో నాలుగు ముక్కలు చేస్తాడు. అదే కత్తితో మోటార్ల మసి గీకుతాడు. రెండింటి మధ్యా కోటుకి తుడవడం తప్ప ఇంకేమీ ఉండదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది వాడి పద్ధతి.

పాత ముక్క తెస్తే గాని కొత్త ముక్క ఇవ్వడు. మనం తెచ్చింది బల్ల మీద పెట్టాలి. వాడు కంటికి భూతద్దం బిగించుకుని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. వెనక పదిహేనుమంది క్యూలో ఉంటారు, చెవులన్నీ ఇటే. అప్పుడు తలెత్తి ఒక్కటే అడుగుతాడు, "ఎవరు విప్పారు?" నేనే విప్పాను అని చెబితే సరి, ఏం తప్పు చేశామో రెండు ముక్కల్లో చెప్పి, పాడైనదాన్ని కవరులో వేసి, కవరు మీద మన పేరు రాసుకుని, డబ్బా మూత తీస్తాడు. ఎవరూ విప్పలేదు, దానంతటదే పోయింది అన్నామా, ముక్కని వేలితో మనవైపు నెట్టేసి "తర్వాత ఎవరు?" అంటాడు. అంతే. హడర్స్‌ఫీల్డ్ నుంచి వచ్చే పళ్ళ డాక్టరొకాయన బావమరిది విప్పాడని చెబితే, మరుసటి ఏడు బావమరిదిని వెంటబెట్టుకు వచ్చేదాకా గేరు ఇవ్వలేదు. ఒక పాదిరీగారు తమ ఇంట్లో పిల్లి ఇంజనుని కింద పడేసిందన్నారు. "పిల్లి దగ్గర స్క్రూడ్రైవరుందా?" అన్నాడు నోరిస్. పాదిరీగారి మొహం కందగడ్డ అయింది. క్యూ అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

నేనెందుకు నవ్వలేదో కూడా చెప్పేస్తాను, దాచి లాభం లేదు.

మా థ్రెల్‌షా మోడల్ రైల్వే క్లబ్బుని పెట్టిన పెర్సీ హార్డ్‌కాసిల్ గారు తన చేతులతో ఒక ఇంజను చేశారు. ఇత్తడి రేకు కోసి, వంచి, అతికి, బర్మింగ్‌హామ్ నుంచి తెప్పించిన మోటారు బిగించి, భార్య పేరు పెట్టుకున్నారు, లేడీ మార్జరీ అని. మా ఎగ్జిబిషన్ ప్రతి ఏడూ ఆ ఇంజనుతోనే మొదలయ్యేది. పట్టాల మీద మొదటి చుట్టు అది తిరిగాకే మిగతావి కదలాలి. మిగతా రోజుల్లో అది అద్దాల పెట్టెలో ఉండేది. పెట్టె తాళంచెవి నోరిస్ దగ్గర, ఎందుకంటే అప్పుడు మా క్లబ్బులో రిపేర్లు చూసేది వాడే. రెండో తాళంచెవి కార్యదర్శి గది బల్ల సొరుగులో ఉండేది.

తొంభై ఏడు అక్టోబరులో, ఎగ్జిబిషన్ నాలుగు రోజులుందనగా, ఒక మంగళవారం నేనా రెండో తాళంచెవి తీశాను. నా పేరు డెరిక్ సగ్‌డెన్. అప్పటికి నాకు ముప్ఫై అయిదేళ్ళు, ఇళ్ళకి వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ని. నోరిస్ నెల క్రితం ఆ మోటారుకి కొత్త బ్రష్‌లు వేశాడు. అందరూ వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. కరెంటు పని రోజూ చేసేవాణ్ణి నేను, మెచ్చుకునేది వాణ్ణా అని నాకు కడుపుమంట. మోటారు విప్పి శుభ్రం చేసి, ఇంకా బాగా నడిచేలా చేసి, ఆ తర్వాత నేనే చేశానని చెప్పాలనుకున్నాను. విప్పాను. మోటారులో తిరిగే రాగి చుట్ల ముక్కని, ఆర్మేచర్‌ని, మ్యాగ్నెట్ మధ్యలోంచి లాగి బల్ల మీద పెట్టి, కిందికి వెళ్ళి టీ తాగి వచ్చాను.

ఆ కాలం మోటార్లలో గుర్రపు లాడంలాంటి పెద్ద మ్యాగ్నెట్ ఉంటుంది. ఆర్మేచర్ బయటికి తీస్తే వెంటనే దాని రెండు కొనలకీ అడ్డంగా ఒక ఇనప ముక్క అంటించాలి. లేకపోతే దాని బలం పోతుంది. చప్పుడుండదు, పొగరాదు, విరగదు. చూడ్డానికి అంతా ఉన్నట్టే ఉంటుంది. నాకది తెలీదు. ఇళ్ళలో వైర్లు లాగేవాడికి ఎలా తెలుస్తుంది? అన్నీ మళ్ళీ బిగించి, పెట్టెకి తాళం వేసి ఇంటికి పోయాను.

శనివారం ఊరంతా చూస్తూండగా లేడీ మార్జరీ మూడు పెట్టెల్ని లాగలేక సగం చుట్టులో ఆగిపోయింది. కరెంటు పెంచారు. కాలిన వాసన వచ్చింది. ఆర్మేచర్ చుట్లు మాడిపోయాయి.

గురువారం కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు క్లైవ్ బాటమ్లీ, ఇప్పటికీ ఆయనే అధ్యక్షుడు, బ్రష్‌లు వేసింది నోరిస్, తాళంచెవి ఉన్నది నోరిస్ దగ్గర, ఇంక వేరే మాటెందుకు అన్నాడు. చేతులెత్తమన్నాడు. ఎత్తారు. నేనూ ఎత్తాను. నోరిస్ అప్పటికే ఇంజనుని తిరగేసి చూశాడు. చూసి, తలెత్తి నావైపు చూశాడు.  వాడు ఒక్క మాట కూడా అనలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, కోటు తీసుకుని మెట్లు దిగిపోయాడు. కెటిల్ మరిగేలోపల అంతా అయిపోయింది. సహాయ కార్యదర్శిని కాబట్టి మినిట్స్ నేనే రాశాను: అజాగ్రత్త కారణంగా నోరిస్ అక్రాయిడ్ సభ్యత్వం రద్దు.

వాడు ఆ రోజు నోరు విప్పి ఉంటే నేను కాదని కొట్టిపారేసేవాణ్ణి. గొడవపడేవాళ్ళం, నాలుగు తిట్లు తిట్టుకునేవాళ్ళం, ఒక ఏడాదికి మర్చిపోయేవాళ్ళం. ఏమీ అనకుండా పోయాడే, అందుకే వాడంటే నాకు గిట్టదు. ఆ చూపొకటి నా మొహాన పారేసి పోయాడు. ఇరవై ఆరేళ్ళు దాన్ని మోశాను.

ఈలోగా నేను కార్యదర్శినయ్యాను. నా భార్య షీలా వేరే దారి చూసుకుంది. పని మానేశాక నాకు మిగిలింది గురువారం సాయంత్రాలే. ఆ మేడమీద గది, ఆ పట్టాలు, ఆ ఎనిమిది మంది ముసలాళ్ళు, అంతకు మించి నాకు లోకం లేదు. సంగతి బయటపడితే అదీ పోతుందని నాకు తెలుసు. అందుకే నోరిస్ బల్ల ఉన్న ఎగ్జిబిషన్‌లో ఎప్పుడూ గోడవారగా నడిచేవాణ్ణి.

పోయిన ఏడు క్లబ్బుకి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. పండగ ఎగ్జిబిషన్‌కి మొదటి చుట్టు మళ్ళీ లేడీ మార్జరీయే తిరగాలని క్లైవ్‌కి బుద్ధి పుట్టింది. ఆర్మేచర్ సంపాదించే పని నా నెత్తిన పడింది. నోరిస్ దగ్గరికి పోకుండా ఉండడానికి నేను చెయ్యని పని లేదు. ఆరు నెలలు కాలికి బలపం కట్టుకుని తిరిగాను. ఇంటర్నెట్ వేలాలన్నీ గాలించాను. డచ్చివాడొకడు అచ్చం అదే మోటారన్నాడు, తీరా వస్తే ఇరుసు సన్నం. డెవన్‌లో ఒక వితంతువు భర్త పెట్టెలు అమ్ముతుంటే అయిదు గంటలు రైల్లో వెళ్ళాను. మోటారు దొరికింది గాని, ఆ రోజుల్లో లోహంలో కలిపిన చెత్త వల్ల దాని చట్రం చేతిలో బిస్కెట్టులా పొడయింది. చుట్లు కొత్తగా చుట్టిద్దామని స్కాట్లండ్‌లో ఒకాయనకి ఉత్తరం రాశాను. ఆయన ఎంతో మర్యాదగా జవాబు రాశాడు: చుట్టడం చేతనవును గాని ఆ మ్యాగ్నెట్‌కి ఛార్జి పెట్టే మిషను తన దగ్గర లేదు, మీ దగ్గర్లోనే అక్రాయిడ్ అని ఒకాయన ఉన్నాడు, ఆయన్ని అడగరాదా అని. ఆ ఉత్తరం చించి పొయ్యిలో పడేశాను.

చివరికి క్లైవే అన్నాడు, ఆ కసాయి దగ్గరికే పోదాం, తప్పేదేముంది అని. నేనొక్కణ్ణే వెళ్ళొస్తానన్నాను. ఆయన వినలేదు. కారు తనే తోలుతానన్నాడు. నోరిస్ ఏమైనా తోక ఝాడిస్తే తను చూసుకుంటాడట.

కిర్క్‌లీ చర్చి హాల్లో ఎగ్జిబిషన్. క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాం. నా చంకలో లేడీ మార్జరీ పెట్టె.  అబద్ధమాడితే ముక్క ఇవ్వడు, ఇంజను ఇక లేవదు. నిజం చెబితే వెనకాలే క్లైవ్. ముందున్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే తగ్గిపోతుంటే వాడి ప్రశ్న ఇంకా ఇంకా దగ్గరగా వినపడుతోంది.

నా వంతు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళు వాడికి. చేతులు వణకడం లేదు. పెట్టె తెరిచి ఇంజనుని చూశాడు. నా వంక గాని క్లైవ్ వంక గాని చూడలేదు. గుడ్డ పరిచి దాని మీద జాగ్రత్తగా తిరగేశాడు. భూతద్దం పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ కిందట మా కమిటీ గదిలో చూసినంతసేపే చూశాడు.

"ఎవరు విప్పారు?" అన్నాడు.

క్లైవ్ నా భుజం మీంచి ముందుకి వంగాడు. "అది మమ్మల్నడుగుతావేంటయ్యా? విప్పింది నువ్వేగా. ఊరందరికీ తెలుసు."

నోరిస్ ఆయనవైపు తల కూడా తిప్పలేదు. నన్నే చూస్తున్నాడు.  ఇంకో క్షణంలో తర్వాత ఎవరు అంటాడని తెలుస్తోంది. వాడి వేలు అప్పుడే పెట్టె అంచు మీదికి వచ్చింది, మావైపు నెట్టడానికి.

"నేను," అన్నాను.

"ఎప్పుడు?"

"తొంభై ఏడులో. ఎగ్జిబిషన్ ముందు మంగళవారం."

"ఇనప ముక్క పెట్టావా?"

"లేదు."

"ఎంతసేపు?"

"టీ తాగినంతసేపు."

అందరినీ అడిగినట్టే అడిగాడు, అందరికీ రాసినట్టే కవరు మీద రాసుకున్నాడు. పేరు, తేదీ, ఇనుము పెట్టలేదు.  నోరిస్ వంగి బల్ల కిందనుంచి ఒక పొగాకు డబ్బా తీశాడు. ఏనాడో వాడు చంపిన ఇంజనులోది, రాగి చుట్లు మెరుస్తున్న ఆర్మేచర్ అందులో ఉంది. దూది చుట్టి పెట్టి ఉంది. దాన్ని ఎక్కించి, పాతది కవరులో పడేసి, ఇంజనుని మ్యాగ్నెట్లకి ఛార్జి పెట్టే ఆ డిపో మిషనులో పెట్టాడు. టక్‌మని ఒక్కసారి చప్పుడైంది. బల్ల చివర మూరెడు పట్టా ఉంటుంది, దాని మీద పెడితే లేడీ మార్జరీ నెమ్మదిగా, పెర్సీగారు బతికున్నప్పుడు ఎలా వెళ్ళేదో అలా వెళ్ళింది. అందరి దగ్గరా తీసుకునే డబ్బే నా దగ్గరా తీసుకున్నాడు.

నాకు కోపం ఆగలేదు. ఇంత జరిగాక కూడా కోపమే వచ్చింది, ఏం చెయ్యను.

"నీకు అప్పుడే తెలుసు కదా?" అన్నాను.

"స్క్రూల గాట్లన్నీ నిలువుగా, ఒక్క వరసలో నిలబెట్టి ఉన్నాయి. స్విచ్చి పలకలు బిగించేవాళ్ళకే ఆ అలవాటు. క్లబ్బులో అలాంటివాడివి నువ్వొక్కడివే."

"మరి చెప్పొచ్చుగా. ఎందుకు చెప్పలేదు?"

వాడు భూతద్దం తీసి కోటుకి తుడుచుకున్నాడు. "నన్నెవరూ అడగలేదు," అన్నాడు.

ఆ తర్వాత నా భుజం మీంచి చూసి, తర్వాత ఎవరని అడిగాడు.

తిరుగుదారిలో కూడా కారు క్లైవే తోలాడు. మా ఊరి పొలిమేరకి వచ్చాక, ఎప్పటిదో విషయం, దీన్నిక ఇక్కడితో వదిలేద్దాం అన్నాడు. కాని క్యూలో పదిహేనుమంది విన్నారు, గురువారానికి అందరికీ తెలిసిపోయింది. నేను తాళంచెవులు జేబులో వేసుకునే క్లబ్బుకి వెళ్ళాను, బల్ల మీద పెట్టేసి మెట్లు దిగిపోదామని. దిగనివ్వలేదు. ఒకాయన టీ కలిపాడు. ఇంకొకాయన భార్య చేసిన పార్కిన్ కేకు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. ఇరవై ఆరేళ్ళయింది, చిన్నతనం, ఎవరు చెయ్యరు అన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. ఆ కేకు బల్ల మీద పెట్టేశాను. నోరిస్‌ని పంపెయ్యడానికి కెటిల్ మరిగేంత టైము కూడా తీసుకోని మనుషులు నాకు కెటిల్ పెట్టి టీ ఇస్తున్నారు. ఆ గదిలో ప్రతివాడి మీదా అసహ్యం వేసింది, అందరికన్నా ముందు నా మీద.

నోరిస్‌కి క్షమాపణ రాసి సభ్యత్వం తిరిగి ఇవ్వాలని ప్రతిపాదించాను. సంతకాలైన మినిట్స్ దిద్దడానికి నియమాలు ఒప్పుకోవన్నాడు క్లైవ్. మిగతావాళ్ళు తలలూపారు. తర్వాతి విషయం, మడత బల్లల అద్దె. పండగనాడు లేడీ మార్జరీ మొదటి చుట్టు తిరిగింది. చప్పట్లు కొట్టారు. నేను టికెట్ల బల్ల దగ్గరే కూర్చున్నాను.

ఆ తర్వాతి సోమవారం పాత మినిట్స్ పుస్తకం తీశాను. నా దస్తూరీ, అప్పుడు ఎంత గుండ్రంగా ఉండేదో. ఆ పేజీని కుట్టు దగ్గరికి చింపాను. కార్యదర్శి చెయ్యకూడని పని ఏదైనా ఉంటే అదే. కిర్క్‌లీలో వసంతం ఎగ్జిబిషన్ దాకా జేబులో పెట్టుకు తిరిగాను. ఈసారి ఒక్కణ్ణే వెళ్ళాను. నూనె, అట్టపెట్టెలు, పిప్పరమెంటు. క్యూలో నిలబడ్డాను. నా వంతు రాగానే మడత విప్పి కాగితం బల్ల మీద పెట్టాను.

నోరిస్ భూతద్దం పెట్టుకుని మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాడు. అంచు చూశాడు, చిరిగిన చోట.

"ఎవరు చింపారు?" అన్నాడు.

"నేనే. మీ కోసం తెచ్చాను. ఉంచుకోండి," అన్నాను. వాణ్ణి మీరు అనడం నాకదే మొదటిసారి.

అతను కవర్ల కట్టవైపు చెయ్యి చాపాడు. చాపి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. కాగితాన్ని పాత మడతల మీదే మడిచి వేలితో నావైపు నెట్టాడు.

"దీనికి స్పేరు ముక్క నా దగ్గర లేదు," అన్నాడు. "తర్వాత ఎవరు?"

నా వెనక ఒకామె చిన్న గేరొకటి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉంది. నేను పక్కకి జరిగాను.